వీసా ఉన్నోళ్లు వాగుకు రావద్దు

మా వాగుకు అడ్డంగా కట్ట కట్టి కరెంటు తీస్తామన్నప్పుడు ఊళ్లో అందరూ ముందు అడిగింది చేపల గురించే. తొలి వరదకు గుడ్లతో ఎదురెక్కి వచ్చే చేప కట్ట దగ్గరే ఆగిపోతే, పైన మా మడుగుల్లో ఇక చేప అనేది ఉండదు. పొలాల మాట ఆ తర్వాత గుర్తొచ్చింది.

మిషన్లు రాకుండా వాగులో కూర్చోవాలనుకున్నాం. అయితే కోరుట్ల చుట్టుపక్కల అన్ని ఊళ్లలాగే మాదీ గల్ఫ్ ఊరు. కేసు పడితే పాస్‌పోర్టు ఆగుతుందని, వీసా ఉన్నవాళ్లు వాగుకు రావద్దని పెద్దమనుషులు తీర్మానించారు. మా ఆయన దుబాయ్ నుంచి సెలవు మీద వచ్చి ఉన్నాడు, కొద్ది రోజుల్లో తిరిగి పోవాలి. ఆయనను టీవీ ముందు కూర్చోబెట్టి, నేనూ మా అత్తా బీడీల చాటలు పట్టుకుని పోయి ఇసుకలో కూర్చున్నాం. మగవాళ్లు ఇంట్లో, ఉద్యమం మా నెత్తిన.

పొద్దుగూకే వేళకు ఎస్సై వచ్చాడు. ఒక్కొక్కరి పేరూ, భర్త పేరూ అడిగి రాయిస్తున్నాడు. ఆ కాగితంలో ఆయన పేరు ఎక్కితే పాస్‌పోర్టు ఆగినట్టే. ముసలమ్మలు గడుసువాళ్లు.

"మొగని పేరు తియ్యరాదు సారూ, పాపం తగుల్తది" అని తప్పించుకున్నారు.

ఎస్సై నా దగ్గర ఆగాడు. "నువ్వు చదువుకున్నదాని లెక్కున్నవ్, నీకేం పట్టింపు? మొగని పేరు చెప్పు."

"లేడు సార్."

"ఏడికి పోయిండు?"

ఏదో ఊరికి పోయాడంటే సరిపోయేది. ఆ భయంలో నాకు దుబాయ్ తప్ప ఇంకే ఊరూ తోచలేదు.

"సచ్చిపోయిండు" అన్నాను.

నా బొట్టూ పుస్తెలూ కొంగు చాటున ఉన్నాయి. కానిస్టేబుల్ నా కాళ్లవైపు చూడబోయాడు. అత్త కాళ్లు సర్దుకుంటున్నట్టుగా నా మెట్టెల మీదికి ఇసుక తోసింది. నేను సచ్చిపోయిండన్నది ఆమె కన్న కొడుకును. వాళ్లు ముందుకు పోయారు.

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. మేం ఇల్లు చేరకముందే ఆయనకు తెలిసిపోయింది.

"సచ్చినోనికి చాయ్ పోస్తవా?" అని నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. అత్త మాత్రం దేవుని ముందు దీపం పెట్టి చెంపలు వేసుకుంటూనే ఉంది. సందెవేళ తథాస్తు దేవతలు తిరుగుతారని చిన్నప్పటి నుంచి వింటున్నాను. అంతవరకూ నమ్మలేదు.

ఆయన దుబాయ్ చేరాడు. మిషన్లు వెనక్కి పోయాయి గానీ, సర్వే వాళ్లు పాతిన జెండాలు వాగు ఒడ్డున అట్లాగే ఉన్నాయి. మిషన్లు మళ్లీ వస్తే పోలీసులు మళ్లీ అడుగుతారు. చచ్చాడని రాయించినవాణ్ని ఇప్పుడు బతికే ఉన్నాడంటే అసలుకే మోసం. మళ్లీ అదే మాట అనాలి.

ఆయన పని ఎత్తైన బిల్డింగుల మీద. ఫోన్ ఎత్తడం ఆలస్యమైతే నా వేళ్లకు బీడీ చుట్టడం రాదు. అత్త గడపలోనే కూర్చుంటుంది. ఫోన్ కలవగానే నా చేతిలోంచి లాక్కుంటుంది.

"ముందుగాల బతికున్న అను కొడుకా."

ఆయన విసుక్కుంటాడు. అనేదాకా ఆమె ఫోన్ నాకివ్వదు.