సూర్యాపేట గ్యారేజీలో దొరికిన బొంత

కోదాడలో ఖమ్మం రోడ్డు పక్క సందులో బుచ్చయ్య టైలర్ షాపు ఉంది. బోర్డు మీద ఆయన పేరు, ఒక కత్తెర బొమ్మ. లోపల వెలుతురు సరిగా పడని మూల కూర్చుని జాకెట్లకు హుక్కులు, చీరలకు ఫాల్స్ కుట్టేది ఆయన భార్య మంజుల. పెళ్లయి చిలుకూరు నుంచి వచ్చినప్పటి నుంచీ ఆమెది అదే పని. మంజులకు కోపం ఎక్కువని మా సందులో అందరూ అంటారు. నిజమే. అయితే ఆ కోపం ఎక్కడ మొదలైందో మాలో చాలామందికి తెలుసు.

కత్తిరించగా మిగిలిన ముక్కల దగ్గర మొదలైంది. పట్టు జాకెట్ల అంచులు, లైనింగు చివర్లు, స్కూలు యూనిఫాం ముక్కలు అన్నీ సంచికెత్తి బుచ్చయ్య సూర్యాపేట పంపేవాడు. అక్కడ హైవే పక్కన లారీలు బాగుచేసే సత్యనారాయణ ఆయనకు పాత దోస్తు. మెకానిక్కులు చేతుల గ్రీజు తుడుచుకోవడానికి ఆ గుడ్డలు పనికొచ్చేవి.

“మంచి మంచి ముక్కలు గ్రీజు తుడవనీకి ఇస్తున్నవ్. నాకియ్యరాదు? బొంత కుట్టుకుంట,” అంది మంజుల ఒకరోజు.

“చింకి పాతలతోని బొంత కుడితే ఇంట్ల దరిద్రం ఉన్నట్టు ఉంటది. టైలర్ పెళ్లానివి, జర ఇజ్జత్ చూస్కో,” అన్నాడు బుచ్చయ్య.

కొలతలివ్వడానికొచ్చిన ఆడవాళ్లు నవ్వారు. మంజుల చేతిలో పని కింద పెట్టి, సంచి బోర్లించి, తనకు కావలసినవన్నీ ఏరుకుని ఒళ్లో వేసుకుని వెనక ఇంట్లోకి వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి ఆ సంచి ముందు ఆమె చేతిలో పడితేనే గ్యారేజీకి పోయేది.

మొదటి బొంత కూతురు జ్యోత్స్న కోసం కుట్టింది. ఆ పిల్ల అప్పుడే నర్సింగులో చేరి హాస్టలుకు పోతోంది. రెండు పాత చీరలు లోపల పరిచి, పైన చదరపు ముక్కలు వరసగా కలిపి కుట్టింది. జ్యోత్స్న దాన్ని తీసుకుపోయి మొదటి సెలవుల్లోనే వెనక్కి తెచ్చింది.

“అమ్మా, నాకు మామూలు దుప్పటి కొనియ్యి. రూములో అందరూ ఇది జూసి నవ్వుతున్నరు,” అంది.

మంజుల కూతురితో రోజంతా మాట్లాడలేదు. మర్నాడు ఆ పిల్ల బస్సెక్కాక బొంతను మంచం మీద పరిచి చూసుకుంది. చూస్తుంటే కోపం కూతురి మీద నుంచి బొంత మీదకు మళ్లింది. ఎరుపు పక్కన పసుపు, దాని పక్కన చమ్కీ గుడ్డ, దాని పక్కన పూల గుడ్డ. ఏ ముక్కా కంటికి ఆనడం లేదు. నవ్వినవాళ్లది తప్పు కాదేమో అనిపించి ఇంకా మండింది.

మఠంపల్లి వైపు తండా నుంచి మంగ్లీ అనే ఆమె అంగడికి కూరగాయలు తెచ్చేది. వాళ్లమ్మ దగ్గర నేర్చిన అద్దాల కుట్టు ఆమెకు బాగా వచ్చు. అమ్మకం అయిపోయాక సంచుల మీద కుట్టుకోవడానికి రంగు ముక్కలు అడగడానికి షాపుకు వచ్చేది. మంజుల ఆమెకు బొంత చూపించింది.

“ఎట్లుందో చెప్పు. ముఖం చూసి చెప్పకు.”

మంగ్లీ బొంత చుట్టూ తిరిగి చూసింది. “అక్కా, నువ్వు రంగులన్నిటినీ ఒక్కపారే మాట్లాడనిచ్చినవ్. కొన్నిటినన్నా నోరు మూయించాలె గద,” అంది.

ఆ మాటకు మంజులకు నవ్వు రాలేదు. ఆ రాత్రే బొంత విప్పడం మొదలుపెట్టింది. లైనింగుల్లో ఎప్పుడూ పక్కకు తోసేసే బూడిద రంగు ముక్కలు, నలుపు ముక్కలు విడిగా పెట్టుకుంది. ఎరుపు చుట్టూ బూడిద రంగు పెడితే ఎరుపు కనబడింది. చదరాలు మానేసి వాలుగా కత్తిరించడం మొదలుపెట్టింది. మొదట్లో మూలలు కలిసేవి కావు. కోపంతో విప్పేది, మళ్లీ కుట్టేది. ఒక్కోసారి మంగ్లీ వచ్చి పక్కన కూర్చునేది. అద్దాల కుట్టు నేర్చుకోమని మంగ్లీ అంటే, “అది మీది. నాకేం వస్తదో నేను చూస్కుంట,” అనేది మంజుల.

అట్లా కొన్నేళ్లు గడిచాయి. పోయిన ఏడాది ఆమె ఒక పెద్ద బొంత మొదలుపెట్టింది. కాలువకు నీళ్లొదిలాక చిలుకూరు పొలాలు ఎట్లా ఉంటాయో అట్లా కుట్టాలని ఆమె ఆలోచన. పచ్చ రంగులో ఎన్ని రకాలుంటాయో అన్నీ వెతికి పెట్టుకుంది. నారుమడికి లేత పచ్చ, పొట్టకొచ్చిన వరికి ముదురు పచ్చ, గట్లకు గోధుమ రంగు, మధ్యలో వంకరగా పోయే కాలువకు స్కూలు యూనిఫాం నీలం. షాపు పని, ఇంటి పని అయ్యాక దొరికిన వేళల్లో కుట్టి, వానాకాలం నుంచి ఎండాకాలం దాకా పట్టింది. పూర్తయ్యాక ఇంట్లో గోడకు వేలాడదీసింది. మా ఆవిడ చూసొచ్చి, “గోడ మీద పొలం ఉన్నది,” అంది. నేనూ పోయి చూశాను. నిజంగానే గోడ మీద పొలం ఉంది.

అదే నెలలో మంజుల తల్లికి జ్వరం తిరగబెడితే చిలుకూరు పోయింది. తల్లి లేచి తిరిగేదాకా ఉండి వచ్చింది. ఇంట్లో అడుగుపెట్టేసరికి గోడ ఖాళీగా ఉంది.

“బొంతేది?” అంది షాపులోకి వచ్చి.

బుచ్చయ్య కత్తెర ఆపలేదు. “సత్యనారాయణ వచ్చిండు. ముక్కల సంచి చిన్నగుందని అన్నడు. మొన్న మన బండి బాగుజేసి పైసలు గూడ తీస్కోలే పాపం. అది గూడ వేసి పంపిన.”

“ఏది గూడ?”

“బొంత. మళ్ల కుట్టుకుంటవ్ గద, నీకేం పని.”

మంజుల అరుస్తుందని మేమంతా చెవులు అటే పెట్టాం. ఆమె అరవలేదు. చేతిలో సంచి అక్కడే పెట్టి, బస్టాండుకు నడిచింది. సూర్యాపేట బస్సెక్కింది.

గ్యారేజీలో ఒక లారీ కింద ఆ బొంత పరిచి ఉంది. దాని మీద వెల్లకిలా పడుకుని గోపి అనే మెకానిక్ నట్లు విప్పుతున్నాడు. వరి మడుల మీద నల్లటి ఆయిలు పాకింది. కాలువ కనబడటం లేదు.

“లెవ్వు,” అంది మంజుల.

గోపి తల బయటపెట్టి చూశాడు. “ఎవలమ్మా నువ్వు?”

“దాని మీంచి లెవ్వమంటున్న.”

అతను లేచాడు. ఆమె వంగి బొంతను బయటకు లాగుతుంటే సత్యనారాయణ పరుగున వచ్చాడు. “ఏందమ్మా, మీ ఆయనే ఇచ్చిండు గద. పాత గుడ్డల కోసం గింత దూరం వస్తరా? కొత్త దుప్పటి కొనిస్త తియ్యి.”

“నీ దుప్పటి నువ్వే కప్పుకో. నాది నాకిచ్చినందుకు నువ్వు మెహర్బానీ చేస్తున్నట్టు మాట్లాడకు,” అంది మంజుల.

గోపి చేతులు ప్యాంటుకు తుడుచుకుని, “నాకు తెల్వదక్కా. మెత్తగుందని పండుకున్న,” అన్నాడు. అతని మీద మంజులకు కోపం రాలేదు. ఆ సంగతి తర్వాత ఆమే చెప్పింది.

తిరుగు బస్సులో ఆయిలు వాసనకు పక్కనున్నవాళ్లు లేచి వేరే సీట్లకు పోయారు. ఆమె బొంతను ఒళ్లో పెట్టుకునే కోదాడ దాకా వచ్చింది. ఆమె చీర కూడా నల్లబడింది.

ఆ సాయంత్రం గొడవ మా సందంతా విన్నది.

“బట్ట నా షాపుది, దారం నా షాపుది. నేనిస్తే తప్పేంది?” అన్నాడు బుచ్చయ్య.

“చేతులెవలయ్?”

“ఏం మాటలే అవి?”

“చేతులెవలయ్ అని అడుగుతున్న. హుక్కులు కుట్టినయ్, ఫాల్స్ కుట్టినయ్, నీ బోర్డును ఇన్నేండ్లు నిలవెట్టినయ్. అవి నీ షాపుయేనా? రేపటి సంది కుట్టయ్. నువ్వే కుట్టుకో.”

అన్నట్టే చేసింది. ఆయనకు వంట కూడా మానేసింది. అది పెళ్లిళ్ల కాలం. హుక్కులు లేని జాకెట్లు షాపులో గుట్ట పడ్డాయి. పెళ్లివాళ్లు వచ్చి బుచ్చయ్యను తిట్టి పోయారు. ఆయన హోటల్లో తింటూ, కళ్లజోడు పెట్టుకుని తానే హుక్కులు కుట్టుకుంటూ కూర్చున్నాడు. జ్యోత్స్న ఫోన్ చేసింది.

“అమ్మా, డాడీ బాగా పరేషాన్ ఐతుండు. ఒక్క బొంత కోసం గింత లొల్లి ఎందుకు? పోనియ్.”

“ఒక్క బొంత కోసం కాదు. నువ్వు దవాఖానల ఒక రోజంతా పని జేసినంక ఎవలన్న వచ్చి నువ్వేం జెయ్యలే అంటే పోనిస్తవా?” అని మంజుల ఫోన్ పెట్టేసింది.

బొంతను కిరసనాయిలుతో రుద్దింది, సబ్బులో నానబెట్టింది, ఎండలో పరిచింది. వాసన పోయింది గాని మరక పోలేదు. పచ్చటి మడుల మీద తల, భుజాలు, వీపు గుర్తుపట్టేట్టు ఒక మనిషి ఆకారం మిగిలింది. మంగ్లీ వచ్చి చూసి, దాని మీద కొత్త ముక్కలు అతుకుదామంది.

“కప్పను,” అంది మంజుల. “వాళ్లు జేసింది నేనెందుకు కప్పాలె? కనబడాలె.”

తెల్లదారం తీసుకుని ఆ ఆకారం అంచు వెంబడి కుట్టింది. దాని బయట ఇంకో వరస, దాని బయట మరో వరస కుట్టుకుంటూ పోయింది. నీళ్లలో రాయి పడితే అలలు ఎట్లా బయటకు పోతాయో, కుట్లు అట్లా మరక నుంచి పొలమంతా పాకాయి. అప్పటిదాకా ఆమె ముక్కలతోనే బొమ్మ కట్టింది. ఒట్టి దారంతో కూడా కట్టొచ్చని ఆమెకు అప్పుడే తెలిసింది. కోపంలో చెయ్యి గట్టిగా లాగిన చోట బట్ట ముడతపడింది. ఆ ముడతలు కూడా అట్లాగే ఉంచింది.

చలికాలంలో మిర్యాలగూడలో మహిళా సంఘాలవాళ్లు చేతిపనుల ప్రదర్శన పెట్టారు. మంగ్లీ సంచులతో పాటు మంజుల బొంతలు కూడా తీసుకుపోయారు. స్టాళ్లు చూసే శ్రీవాణి మేడమ్ అన్నీ మెచ్చుకుని ఈ ఒక్కదాని దగ్గర ఆగింది.

“ఇది లోపల పెట్టండమ్మా. మరకలున్నాయి, చూసేవాళ్లకు బాగుండదు.”

“బాగుండనీకి కుట్టలే మేడమ్. అన్నీ తీసెయ్యమంటే తీసేస్త. ఇది ఉంటేనే మిగిలినయ్ ఉంటయ్,” అంది మంజుల. శ్రీవాణికి ఆ మాట నచ్చలేదు, కానీ వాదించలేదు. దాన్ని స్టాలు వెనక గోడకు కట్టారు.

జనం ముందు అందమైన బొంతలే చూశారు. తర్వాత కళ్లు వెనక గోడకు పోయాయి. రైసుమిల్లులో పని చేసే ఒకామె దాని ముందు చాలాసేపు నిలబడి, “ఈ పండుకున్నోడెవడు?” అని అడిగింది. మంజుల జరిగింది చెప్పింది. ఆమె తలూపింది. “మా ఇంట్ల గూడ ఒకడున్నడు,” అని వెళ్లిపోయింది. కొంతసేపటికి ఇంకో నలుగురిని వెంటబెట్టుకుని మళ్లీ వచ్చింది. ఆ బొంతను కొంటామని ఇద్దరు అడిగారు. మంజుల అమ్మనంది.

బుచ్చయ్య క్షమాపణ చెప్పలేదు. చెప్పే మనిషి కాదు. హుక్కులకు, ఫాల్స్‌కు వేరే అమ్మాయిని జీతానికి పెట్టుకున్నాడు. ఆ జీతం ఇచ్చినప్పుడల్లా ముఖం మాడ్చుకుంటాడు. షాపు ముందుభాగంలో వెలుతురు పడే చోట మంజుల తన బల్ల వేసుకుంది. ఆయన అడ్డుచెప్పబోయి ఆమె ముఖం చూసి కత్తెర అందుకున్నాడు. సత్యనారాయణ ఇప్పుడు గ్యారేజీకి గుడ్డలు ఎక్కడ కొంటున్నాడో మాకు తెలియదు.

మొన్న నేను ప్యాంటు పొట్టి చేయించడానికి పోయాను. బుచ్చయ్య నా కొలతలు తీసుకుంటూ, పక్క బల్ల మీద పరిచిన ముక్కలవైపు చూసి, “ఆ నల్లది ఆడ పెడ్తే బాగుండదు,” అన్నాడు.

“నిన్నెవలడిగిండ్రు?” అంది మంజుల తలెత్తకుండా. నల్లదాన్ని అక్కడే పెట్టి సూది గుచ్చింది.