గేటుకి బిస్కెట్లు, గోడకి కేకు

ఆ వీధిలో ఆయన్ని అసలు పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. చిన్నా పెద్దా అందరికీ ఆయన బ్రేకు మాస్టారే. కారు నేర్పడం ఆయన పని, "బ్రేక్! బ్రేక్!" అని అరవడం ఆయన గుణం. పక్క సీటు దగ్గర ఆయనకంటూ ఓ బ్రేకు ఉంది. ఏళ్లతరబడి దాన్ని తొక్కీ తొక్కీ, ఇంట్లో ఉన్నా ఆ కాలు ఊరుకోదు. పాలు పొంగుతున్నాయని భార్య స్టవ్వు దగ్గరికి పరిగెడితే, ఈయన కుర్చీలోంచే నేలని ఒక్క తొక్కు తొక్కుతారు.

వీధేమో వెడల్పు, చివర్లో చక్కటి మలుపు. మిగతా వీధులన్నీ సంతల్లా కిక్కిరిసి ఉంటాయి కాబట్టి పాఠాలకి అదొక్కటే దిక్కు. కాకపోతే శిష్యులు గేట్లు గుద్దుతారు, పూలకుండీలు పడగొడతారు. అయినా వీధివాళ్లు ఓర్చుకుంటున్నారు కదా! అందుకని ప్రతి క్రిస్మస్‌కీ మాస్టారు స్వయంగా పిండి కలిపి, ఓవెన్ వెలిగించి, ఇంటింటికీ కృతజ్ఞతగా పంచుతారు. అందులోనూ ఓ లెక్క. గేటుకి గీత పడితే వెన్న బిస్కెట్లు. కుండీ పగిలితే ఎండుద్రాక్ష కేకు. గోడ కూలితే మాత్రం రెండంతస్తుల క్రీము కేకు.

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల? గుద్దకుండా నేర్పి ఏడిస్తే ఈ తిప్పలుండవుగా!" అని భార్య ఏటా సణుగుతుంది. ఏటా ఆవిడే గుడ్లు గిలక్కొట్టి ఇస్తుంది.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఆయన నోరు ఎంత కటువో చేతివంట అంత కమ్మన. వీధివాళ్లు ఆ రుచి మరిగారు. డిసెంబరు రాగానే ఇళ్లలో బీటలువారిన కుండీలన్నీ రోడ్డు అంచుకి చేరతాయి. మూడో ఇంటాయన సిగ్గు విడిచి అడిగేశాడు కూడా: "ఏం మాస్టారూ, మా గేటంటే మీవాళ్లకి అంత లోకువా? ఏడాదంతా ఒక్కరూ గుద్దలేదు!"

మూల ఇంటి టీచరమ్మ దారి వేరు. లెక్కలు చెప్పి రిటైరైన మనిషి, ఒంటరిది. ఈ ఏడాది ఆమె గోడ రెండుసార్లు కూలింది. రెండోసారి కూల్చింది మందుల షాపులో పనిచేసే అమ్మాయి. టీచరమ్మ కిటికీలోంచే చెప్పేసింది: "పండగ వెళ్లనివ్వండి, మున్సిపల్ ఆఫీసుకెళ్లి ఈ వీధిలో మీ కారు తిరక్కుండా చేస్తాను." మాస్టారి బతుకు రోడ్డున పడుతుంది అందామంటే, పడటానికి ఆ రోడ్డు కూడా మిగలదు!

దాంతో మాస్టారు ఈసారి మూడంతస్తులకి దిగారు. ఓవెన్ ముందు కూర్చుని, కేకు పొంగుతుంటే "మెల్లగా! మెల్లగా! కంగారు పడకు!" అని ఒకటే అరుపులు.

"కేకుకి కూడా లైసెన్సు ఇప్పిస్తారేమిటి?" అంది భార్య.

తీరా చేశాక, అంతెత్తు కేకు పట్టుకుని నడిస్తే పడిపోతుందని భయం పట్టుకుంది. కార్లో ఒళ్లో పెట్టుకుని వెళ్లాలి. మరి నడిపేదెవరు? భార్యకి రాదు. మొగుడి దగ్గర కారు నేర్చుకునేంత వెర్రిబాగుల్ది కాదావిడ. సరిగ్గా అప్పుడే పాఠానికొచ్చింది మందుల షాపు అమ్మాయి. గోడ కూల్చిన పిల్ల చేతే గోడ తాలూకు కేకు మోయించడం! ఇలాంటి ఆలోచన ఆ బుర్రకి తప్ప ఇంకే బుర్రకీ తట్టదు.

చెప్పొద్దూ, అమ్మాయి ఆరోజు బ్రహ్మాండంగా నడిపింది. మూల ఇంటి దగ్గర వేగం తగ్గించి, గోడకి ఇంకా బారెడు దూరం ఉండగానే నెమ్మదిగా ఆపబోయింది. మాస్టారికి కేకు అడ్డమొచ్చి ఏమీ కనపడటం లేదు. అయినా కాలు ఊరుకుంటేనా? "బ్రేక్!" అని అరిచి, ఉన్న బలమంతా పెట్టి తొక్కేశారు.

కారు ఆగింది. కేకు ఆగలేదు. ఒక అంతస్తు ముందు అద్దానికి, ఒకటి గేరు మీదకి, మిగిలింది తిరిగొచ్చి మాస్టారి మొహానికి.

"నేను ఆపుతున్నాను కదా సార్!" అని అమ్మాయి ఏడుపు మొహం పెట్టింది.

టీచరమ్మ పరుగెత్తుకొచ్చింది. గోడ చూసింది, చెక్కుచెదరలేదు. మాస్టారిని చూసింది, మీసం ఎక్కడో క్రీము ఎక్కడో తెలియడం లేదు. గేటు పట్టుకుని పడీ పడీ నవ్వింది.

"థాంక్స్ చెప్దామని తెచ్చానమ్మా," అన్నారు మాస్టారు. "ఇన్నేళ్లూ మమ్మల్ని భరించారు. ఆఫీసుకి మాత్రం వెళ్లకండి. ఈ వీధి పోతే నాకింక పని లేదు."

టీచరమ్మ అద్దం మీది క్రీము వేలితో తీసి నాకింది. "గోడదేముంది, మేస్త్రీ కట్టేశాడు. నా కడుపుమంట వేరే. రోజూ నా కిటికీ కిందే పాఠం చెప్తారు. క్లచ్ ఎప్పుడు వదలాలో, గేరు ఎప్పుడు మార్చాలో నాకు కంఠతా వచ్చేసింది. దారినపోయే ప్రతివాళ్లనీ నేర్చుకోమంటారే, నన్ను ఒక్కసారి అడిగిన పాపాన పోయారా? కేకు చేతిలో పెట్టి చక్కా పోతారు!"

మాస్టారు కిందికి దిగి, చొక్కా చేతితో గేరూ డ్రైవరు సీటూ తుడిచారు. అమ్మాయి వెనక్కి మారింది. టీచరమ్మ కళ్లజోడు సర్దుకుని కూర్చుంది, అద్దం మీద తనకి కావలసినంత మేర తుడుచుకుంది, తాళం తిప్పింది.

"ఒక్క షరతు. మీరు నోరెత్తకూడదు."

మాస్టారు బుద్ధిగా తలూపారు. కారు రెండుసార్లు గెంతి, దగ్గి, కదిలింది. మలుపు దాటింది. పాఠం ఎప్పుడూ ఆగే చోటూ దాటింది. టీచరమ్మ ఆపలేదు.

"ఎక్కడికి టీచరమ్మా?" అని వెనక నుంచి అమ్మాయి భయంభయంగా అడిగింది.

"ఎక్కడికైతే ఏంటే! ముందు ఆ కిటికీ కనపడనంత దూరం పోనీ."