సరళ బొటనవేలికి తగిన పెన్ను

మెహదీపట్నంలో చేవెళ్ల బస్సు పొద్దున ఎనిమిదింటికి ఎక్కాం. ఎక్కామనడం అబద్ధం. కూరగాయలు అమ్ముకుని ఖాళీ గంపలతో ఊరికి తిరిగిపోతున్నవాళ్లు వెనకనుంచి తోస్తే లోపల పడ్డాం.

ఈ ప్రయాణానికి కారణం నా భార్య సరళ బొటనవేలు. ఆటో బోల్తాపడి విరిగిన ఆ వేలు అతుక్కుంది గానీ, మునుపటిలా వంగదు. సన్నటి పెన్ను రెండో లైనుకే జారిపోతుంది. ఆమె పనిచేసే బడి పేరులో ‘టెక్నో’ ఉంది. పిల్లల నోట్సులు మాత్రం టీచర్లు చేత్తోనే దిద్దాలి. అక్షరాలు వంకర పోతున్నాయని తల్లిదండ్రులు గొడవ చేస్తే, “ఈ పరీక్షల దాకా చూద్దాం మేడమ్” అన్నాడట ప్రిన్సిపాల్. అలాంటి ‘చూద్దాం’ ఎక్కడికి దారి తీస్తుందో సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉన్న నాకు బాగా తెలుసు.

మా పాత మేనేజర్ మురళీధర్ షేర్లు అమ్మేసి కనకమామిడిలో ఫాంహౌసు కట్టుకున్నాడు. అక్కడ లేత్ మిషన్ మీద ఎవరికి తగ్గట్టు వాళ్లకు కర్రపెన్నులు చేసిస్తున్నాడని విని బయలుదేరాం.

బస్సులో సరళ పక్కనున్న అవ్వ అడిగింది. “యాడికి బిడ్డా, భూమి కొననీకా?”

“కాదవ్వా, పెన్ను చేయించుకోవడానికి.”

అవ్వ సరళను వదిలేసి నన్ను ఎగాదిగా చూసింది. “పట్నంల దుకాండ్లన్నీ బందువెట్టిన్రా?”

మొయినాబాద్‌లో దిగి ఇడ్లీ తిని చాయ్ తాగాం. మా వెనక వెళ్లబోయేవాళ్లకు ఒక మాట: టిఫిన్ ఇక్కడే కానివ్వండి. ఫాంహౌసుల్లో ప్రకృతి తప్ప మరేమీ వడ్డించరు. అక్కణ్నుంచి ఆటో మాట్లాడాం. మురళీధర్ పేరు చెబితే డ్రైవర్‌కు తెలియలేదు.

“సార్ల పేర్లు మాకెట్ల యాదికుంటయన్నా? కుక్క పేరు చెప్పు, తీస్కపోత.”

కుక్క పేరు బ్రూనో. నేరుగా గేటు ముందు దించాడు.

మురళీధర్ ఖాదీ లాల్చీలో, చెప్పుల్లేకుండా ఎదురొచ్చాడు. కాళ్లకింద మెత్తటి లాన్ ఉన్నవాడికి చెప్పులెందుకు? సరళను కూర్చోబెట్టి, “మీరు ఉదయం మనిషా, సాయంత్రం మనిషా? మీ పర్సనాలిటీకి ఏ చెక్క సూటవుతుందో ఫీలవ్వాలి” అన్నాడు.

“జారనిది, లావుది” అంది సరళ, వంగని బొటనవేలు చూపిస్తూ.

ఆయన ఆ వేలిని చూడలేదు, చెక్కను చూశాడు. నడుమ ఇత్తడి గొట్టం అమర్చిన రోజ్‌వుడ్ ముక్కను కడ్డీకి బిగించి మిషన్ వేశాడు. ముక్క గిర్రున తిరుగుతుంటే ఉలి ఆనించాడు. పొట్టు రిబ్బన్లలా లేచింది. “ఇక చాలండీ” అంది సరళ. “ఎలిగెన్స్ సన్నదనంలో ఉంటుందండీ” అన్నాడాయన. “నాకు ఎలిగెన్స్ వద్దండీ, రాతొస్తే చాలు” అని ఆమె గట్టిగా అంటుండగానే కరెంటు పోయింది. జనరేటర్‌లో డీజిల్ లేదు. మురళీధర్ కళ్లు మూసుకుని, “ఆపమని చెక్కే చెబుతోంది” అన్నాడు.

గులాబీలకు నీళ్లు పెడుతున్న పనిమనిషి నాగమ్మ కిసుక్కున నవ్వింది. “మొన్న వచ్చినోళ్లకు గూడ గిట్లనే సన్నగ చేసిచ్చిండమ్మా. పండ్ల సందుల పుల్ల లెక్క గుచ్చుకోనీకి మంచిగుంటయ్.”

సరళ లేచింది. కడ్డీతో సహా ఆ ముక్కను, రీఫిలూ మూతా లాంటి పెన్ను సామాను ఉన్న సంచిని చేతిలోకి తీసుకుంది. “మిగతాది మేం చేయించుకుంటాం. కడ్డీ పంపిస్తాం” అంది. పెళ్లయినప్పటినుంచీ ఆమె ఇంత పెద్ద మనిషికి ఎదురు చెప్పడం నేను చూడలేదు.

మళ్లీ బస్సెక్కి మధ్యాహ్నానికి చేవెళ్ల చేరాం. అక్కడ కరెంటుంది. లేత్ మిషన్ ఎవరికుందని అడిగితే, మార్కెట్ వెనక మంచం కోళ్లు చేసే నర్సింహాచారి దుకాణం చూపించారు.

“పెన్ను ఎప్పుడైనా చేశారా అన్నా?” అన్నాను.

“చేవెళ్ల మంచాలన్నీ నా కాళ్ల మీదనే నిలవడ్డయ్. పెన్నొక లెక్కనా?”

ఆ లెక్క తప్పింది. ఉలి తగలగానే పెచ్చు లేచింది. “నువ్వు మాట్లాడిచ్చినవ్” అని నన్ను కసిరాడు. పెచ్చు కనబడకుండా అక్కడొక గాడి తీశాడు. ఒక్కటే ఉంటే బాగుండదని కింద ఇంకొకటి తీశాడు. వాటి నడుమ అలవాటుకొద్దీ ఒక ఉంగరం తేల్చాడు. అచ్చం పొట్టి మంచం కోడు! మురళీధర్ చూస్తే మూడు రోజులు ధ్యానంలో కూర్చునేవాడు.

రీఫిలూ మూతా అమర్చి సరళ చేతికిచ్చాడు. ఆమె బొటనవేలు పోయి పై గాడిలో కూర్చుంది. చెక్క ముక్క మీద ఒక లైను రాసింది. రెండోది రాసింది. మూడోది రాస్తుంటే చారి తల గోక్కుంటూ, “కావాల్నని చేసిన” అన్నాడు. మేమిద్దరం కాదనలేదు.

సాయంత్రం బస్సులో సీట్లు దొరికాయి. ఈ దారిలో చూడదగ్గవేమిటంటే, వెంచర్ల బోర్డులు. అరెకరం కొన్నవాడల్లా రుషి అయిపోయే చోటిది. అజీజ్‌నగర్ దాటాక ముందు సీటులోని ముసలావిడ ఇటు తిరిగి, “బిడ్డా, నా మనుమరాలు కాన్పుకు దవాఖానల ఉన్నది. దవాఖాన పేరు కాయిదం మీద రాసియ్యి, ఆటో ఆయనకు చూపిస్త” అంది.

సరళ ఒక్క క్షణం నావైపు చూసింది. ముసలావిడ చెబుతుంటే కుదుపుల్లోనే దవాఖాన పేరు, వార్డు, పేటతో సహా నాలుగు లైన్లు రాసి ఇచ్చింది. పెన్ను జారలేదు. పక్కన నిలబడ్డ కండక్టర్ ఆ కాగితం తీసుకుని పైకి చదివాడు, ఎక్కడా ఆగకుండా.

“డాక్టర్‌వైతే కాదు మేడమ్, చదవనీకొస్తున్నది. ఏం పని జేస్తవ్?”

“టీచర్ని” అంది సరళ.