అనకాపల్లిలో అడగకుండా తీసిన ఫొటో

రాజమండ్రిలో పొద్దున్నే విశాఖ వైపు వెళ్ళే బండి ఎక్కేటప్పుడు మా ఆవిడ సుజాత ఒక్కటే మాట అంది. "ఈసారి పరుగులు వద్దండీ. రెండు రోజులు నింపాదిగా నడుద్దాం, తిందాం, పడుకుందాం." సరేనన్నాను. అనకాపల్లిని ఎంచుకున్నదే అందుకు. స్టేషన్, బజారు, బెల్లం మార్కెట్టు, గుడి అన్నీ కాలినడకన చుట్టి రావచ్చని విన్నాను.

నేను బీమా ఆఫీసులో గుమాస్తాను. సెలవు దొరికితే ఏదో ఒక చిన్న ఊరికి వెళ్ళి, ఎక్కడ దిగాలో, ఏం తినాలో, గది ఎంతలో దొరుకుతుందో మా యాత్రికుల గ్రూపులో ఫొటోలతో సహా రాస్తుంటాను. అవి చదివి నిజంగానే బయలుదేరేవాళ్ళున్నారు. దాంతో కొత్త ఊళ్ళో అడుగుపెట్టగానే ఆ ఊరు నాకు అర్థమైపోతుందన్న పొగరు కూడా కొంచెం పెరిగింది.

తునిలో మా ఎదుటి సీట్లోకి కోటవురట్ల రైతు ఒకాయన ఎక్కాడు. అనకాపల్లి చూడ్డానికి వెళ్తున్నామంటే మమ్మల్ని ఎగాదిగా చూశాడు. "సూడ్డానికేటుందండీ అక్కడ? మాం బెల్లం అమ్మడానికెల్తాం, అమ్మేసి వచ్చేత్తాం" అన్నాడు. నర్సీపట్నం రోడ్డు స్టేషన్లో దిగుతూ మాత్రం, బొజ్జన్నకొండ ఎండ ఎక్కువుండగా ఎక్కొద్దని సుజాతకి చెప్పి వెళ్ళాడు.

తొమ్మిదిన్నరకి దిగాం. బస్సు కాంప్లెక్సు దగ్గర లాడ్జిలో గది తీసుకున్నాం. గది చిన్నదే గానీ దుప్పట్లు ఉతికినవి, నీళ్ళు ధారగా వస్తున్నాయి. కింద హోటల్లో ఉప్మా పెసరట్టు తిని బెల్లం మార్కెట్టుకి నడిచాం. వేలం అప్పటికి సగం అయిపోయింది. బెల్లం దిమ్మలు వరసలుగా పేర్చి ఉన్నాయి. ఒక వరసవి ముదురు రంగు, ఇంకో వరసవి తేనెరంగు. కొనేవాళ్ళు చిన్న ముక్క గిల్లి నోట్లో వేసుకుని మొహంలో ఏ భావమూ కనపడకుండా ముందుకు సాగిపోతున్నారు. సుజాతకి కూడా ఒకాయన ముక్క ఇచ్చాడు. ఆమె మొహంలో అన్ని భావాలూ కనపడ్డాయి. అక్కడున్నవాళ్ళంతా నవ్వారు.

మార్కెట్టు నుంచి సందుల్లో పడి నడిచాం. ఒంటిగంట దాటాక ఒక వీధి మొదట్లో పెద్ద ఫ్లెక్సీ కనపడింది. అందులో నలభై దాటిన మనిషి, తెల్లచొక్కా వేసుకుని పళ్ళన్నీ కనపడేలా నవ్వుతున్నాడు. కింది సగానికి అడ్డంగా ఒక ఆటో ఆగి ఉంది. వీధిలో షామియానా, బల్లలు, అరిటాకులు. షామియానా ముందు నిలబడ్డ మనిషి మమ్మల్ని చూసి, "రండి బాబూ, రండమ్మా. బోయనం సేసెల్లండి. ఎవులైనా రావొచ్చు" అన్నాడు.

సుజాత ఆగిపోయింది. "ఎవరింట్లో ఏమిటో అడుగుదామండీ."

"అడిగేదేముంది? లోకల్ నాయకుడి పుట్టినరోజు. ఫ్లెక్సీ చూడలేదూ?" అన్నాను.

కూర్చున్నాం. గారెలు, బూరెలు, ముద్దపప్పు, గుమ్మడికాయ పులుసు, గడ్డపెరుగు. నేను బూరెలు రెండోసారి అడిగి వేయించుకున్నాను. ఆకు ఫొటో తీశాను. సుజాత చెయ్యి కడుక్కోవడానికి నీళ్ళ డ్రమ్ము దగ్గరికి వెళ్ళింది. ఇంటి గుమ్మం పక్కన కుర్చీలో ఒకావిడ ఒంటరిగా కూర్చుని ఉంది. ఇంటావిడే అయ్యుంటుందని దగ్గరికెళ్ళాను.

"భోజనం అమృతంలా ఉందమ్మా. పుట్టినరోజు బాబు ఎక్కడ? నిండు నూరేళ్ళూ ఇలాగే అందరికీ పెట్టమన్నానని చెప్పండి. వెళ్ళొస్తాం. వచ్చే ఏడు కూడా ఇదే రోజుకి వస్తాం."

ఆవిడ నా వైపు చూసింది. వీధి మొదట్లో ఉన్న ఫ్లెక్సీ వైపు చూసింది. ఒక్కసారిగా నవ్వేసింది. మామూలు నవ్వు కాదు, ఆపుకోలేక భుజాలు కదిలిపోయిన నవ్వు. ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకునేలోపే నేను ఫొటో తీసేశాను. అంత బాగా నవ్విన మనిషిని ఈ మధ్య చూడలేదని మురిసిపోయాను కూడా. తీయమంటారా అని అడగాలన్న ఆలోచనే రాలేదు నాకు.

సోడా కొట్టు నీడలో నిలబడి గ్రూపులో పెట్టేశాను. "అనకాపల్లిలో నాయకుడి పుట్టినరోజు విందు. దారినపోయేవాళ్ళకి కూడా ఆకు వేస్తారు. ఇదిగో ఆ ఇల్లాలి నవ్వు." అప్పటికి సుజాత వచ్చింది.

"ఒకటి గమనించారా? తిన్నవాళ్ళు తిన్నట్టే లేచి వెళ్ళిపోతున్నారు. ఎవరూ ఎవరితోనూ వెళ్ళొస్తామనడం లేదు."

"ఇక్కడి పద్ధతేమో."

"చావింట్లో తప్ప ఆ పద్ధతి ఎక్కడుందండీ?"

"ఆ ఫ్లెక్సీలో మనిషి అంత నవ్వుతుంటే చావేమిటి నీ మొహం!" అన్నాను. ఫోన్‌లో అప్పటికే లైకులు మొదలయ్యాయి.

ఎండ కాస్త తగ్గాక ఆటోలో బొజ్జన్నకొండకి వెళ్ళాం. మెట్లు ఎక్కితే రాతిని తొలిచిన గుహలు, పైన కొండరాతినే చెక్కిన స్తూపాలు, చుట్టూ కనుచూపు మేర చెరుకు తోటలు, వరి మళ్ళు. గాలి చల్లగా ఉంది. కుటుంబాలతో వచ్చేవాళ్ళు సాయంత్రం నాలుగు తర్వాతే రండి, నీళ్ళు వెంట తెచ్చుకోండి. ఇంతకంటే రాయలేను. అక్కడ ఉన్నంతసేపూ నేను చూసింది కొండని కాదు, ఫోన్‌ని.

తిరిగొచ్చేటప్పుడు అదే వీధి మీదుగా నడిచాం. ఫ్లెక్సీ ముందు ఆటో లేదు. కింది సగం నిండా పెద్ద అక్షరాలు: కీర్తిశేషులు ఈశ్వరరావు గారికి పెద్దకర్మ సందర్భంగా ఆటో స్టాండు మిత్రుల అశ్రునివాళి.

ఆ అక్షరాలు రెండోసారి చదవడానికి నాకు ధైర్యం చాలలేదు. సుజాత నా మొహం చూసింది. "ఆవిడతో ఏమన్నారు?" అని అడిగింది. చెప్పాను. ఆమె రోడ్డు పక్క అరుగు మీద కూలబడింది.

ఫొటో తీసేద్దామని ఫోన్ తెరిస్తే, గ్రూపులోని అనకాపల్లి మనిషి అప్పటికే రాసి ఉన్నాడు. "అది పుట్టినరోజు కాదండీ, ఈశ్వరరావు గారు పోయి పదకొండో రోజు. ఆవిడ ఆయన భార్య నూకరత్నం. మీ ఫొటో మా ఊరి గ్రూపులన్నిట్లో తిరుగుతోంది. దయచేసి తీసెయ్యండి." తీసేశాను. గ్రూపులో మాత్రమే తీసేయగలిగాను.

ఆదివారం పొద్దున నూకాలమ్మ గుడికి వెళ్ళాలన్నది మా ప్లాను. గుడి మానేసి ఆ ఇంటికి నడిచాం. షామియానా ఇంకా విప్పలేదు. కింద కుర్చీల్లో నలుగురైదుగురు పెద్దవాళ్ళు, మధ్యలో ఒక ముసలావిడ. నిన్న మమ్మల్ని భోజనానికి పిలిచిన మనిషి నన్ను గుర్తుపట్టి లేచాడు. చనిపోయినాయన తమ్ముడట, పేరు సన్యాసిరావు.

"ఆ ఫొటో ఎట్టింది మీరేనా?" అన్నాడు. "నిన్న నానే కదా పిలిసేను మిమ్మల్ని."

కొట్టినా అంత బాధ ఉండేది కాదు.

ముసలావిడ ఈశ్వరరావు తల్లి. ఒళ్ళో ఉన్న ఫోన్ చూపిస్తూ, "సుట్టాలందరూ పొద్దుట్నించి ఫోన్లు. మీ ఇంట్లో ఏటి సంబరమని అడుగుతున్నారు" అంది.

సన్యాసిరావు అసలు సంగతి చెప్పాడు. స్టేషన్ రోడ్డులో వాళ్ళన్న నడిపిన టిఫిన్ కొట్టు ఉంది. దాన్ని ఇకనుంచి వదిన చేతికి అప్పజెప్పాలని ఇవాళ పెద్దలు కూర్చోవాలి. ఇంటి పెద్దరికం దేవరాపల్లిలో ఉన్న మేనమామది. ఆయన మాట లేకుండా ఏదీ తేలదు. "ఇప్పుడు మావ రానంటన్నాడు. మొగుడు పోయిన పదకొండోనాడు పళ్ళికిలించినదాని సేతిలో కొట్టెట్టీడానికి నాన్రానంటన్నాడు."

ఆ ఇంట్లో నాకు తెలిసిన ఒక్క మంచి పనే చేశాను. అందరి ముందూ నిలబడి, నిన్న ఆవిడతో అన్న మాటలు ఒక్కటీ వదలకుండా మళ్ళీ చెప్పాను. పుట్టినరోజు బాబు ఎక్కడ అన్నది, నూరేళ్ళు అన్నది, వచ్చే ఏడు వస్తామన్నది. వెనక కుర్చీలో ఒకాయన ఫక్కున నవ్వబోయి దగ్గుగా మార్చుకున్నాడు. తల్లి నవ్వలేదు.

మేనమామకి ఫోన్ కలపమన్నాను. కలిపారు. మొత్తం మళ్ళీ చెప్పాను. ఆయన అంతా విన్నాడు. "నువ్వెవుడివో నాకేటి తెలుసు? వాళ్ళే నీసేత సెప్పిత్తన్నారేమో. ఫొటో అయితే నా కళ్ళతో సూసేను" అని పెట్టేశాడు.

"కొట్టు సంగతి తరవాత సూద్దాం" అన్నాడు సన్యాసిరావు ఎటో చూస్తూ.

ముసలావిడ నన్నే చూస్తోంది. "మాకు సెప్పేరు. బాగానే ఉంది బాబూ. ఆ బొమ్మ సూసినోళ్ళందరికీ ఎల్లి సెప్తారా?"

తల వంచుకుని బయటికి వస్తుంటే నూకరత్నం గుమ్మంలో ఉంది. చేతులు జోడించాను. ఇంతసేపూ ఆవిడ లోపలినుంచి వింటూనే ఉందట.

"నవ్వొచ్చింది, నవ్వేను" అంది. "ఆయనే ఉంటే మీ మాట పట్టుకుని నెల్రోజులు కొట్టుకొచ్చినోళ్ళందరికీ సెప్పి నవ్విచ్చేవోడు. నవ్వినందుకు నాకు సిగ్గు లేదు బాబూ. నన్నడక్కుండా పదిమందికీ సూపిచ్చినారు సూడండి, దానికుంది." తర్వాత సుజాత వైపు తిరిగి, "టిపినీ తిన్నారామ్మా?" అని అడిగింది.

సుజాత కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నాకు ఆ హక్కు కూడా లేదనిపించింది.

మధ్యాహ్నం బండికి తిరుగు ప్రయాణం. కిటికీ పక్క సీట్లు దొరికాయి. యలమంచిలిలో ఎక్కిన ఒక పెద్దమనిషి కాసేపు ఫోన్ చూసుకుని, తోచక నా వైపు తిప్పాడు. "సూసేరా అండీ, లోకం ఎలాగైపోయిందో. ఆ పక్క మొగుడి పెద్దకర్మ, ఈ పక్క ఈవిడ నవ్వులు."

నేను తీసిన ఫొటోయే. కింద ఎవరో ఏవేవో మాటలు చేర్చారు. ఇక్కడ రాయలేనివి.

"ఆవిడని నవ్వించింది నేనండీ" అన్నాను. మొదటినుంచి చివరిదాకా చెప్పాను. బోగీలో పక్కవాళ్ళు కూడా విన్నారు. ఆయన ముందు నమ్మలేదు, తర్వాత మోకాలు చరుచుకుని నవ్వాడు, తర్వాత "అయ్యయ్యో, పాపం" అన్నాడు. "నానూ పొద్దున్నే శానామందికి పంపేసేనండీ."

"మరి వాళ్ళకి ఈ సంగతి చెప్తారా?" అంది సుజాత. స్టేషన్లో బండెక్కాక ఆమె మాట్లాడటం అదే మొదలు.

"ఇంత కథ ఎవులింటారమ్మా?" అన్నాడాయన. తుని వచ్చింది. సంచీ భుజానికి తగిలించుకుని దిగిపోయాడు.

అందుకే ఇది ఇంత పొడుగు రాశాను. ఫొటో చూసినవాళ్ళలో కొందరైనా చదువుతారని ఆశ. అనకాపల్లి నింపాదిగా నడవడానికి మంచి ఊరు. మనుషులు దారినపోయేవాళ్ళని పిలిచి అన్నం పెడతారు, తిన్నావా అని అడుగుతారు. తప్పకుండా వెళ్ళండి. వెళ్ళినవాళ్ళు స్టేషన్ రోడ్డులో ఈశ్వరరావు టిఫిన్ కొట్టు ఎక్కడని అడగండి. తెరిచి ఉందో లేదో, ఉంటే పొయ్యి దగ్గర ఎవరున్నారో చూసి నాకు చెప్పండి. నాకు అడగడానికి మొహం చెల్లడం లేదు.