అరవై కేజీల్లో మొదటివాడు

గ్లవ్స్ కుట్టే పెద్దాయన కొట్లో పాత బాక్సర్లు సాయంత్రమైతే చేరి, తమ కాలంలో అరవై కేజీల విభాగంలో ఎవరు గొప్పో తేల్చేవాళ్ళు. ఏ రోజు తేల్చినా మొదటివాడు ఆయన తమ్ముడే. పోయి ఏడాదైనా వాడి స్థానం కదల్లేదు. రెండోవాడు పెద్దాయన. ఆ మాట చెవిన పడితే చాలు, ఆయనకి కడుపు మండిపోయేది.

అన్నదమ్ములు కొట్టుకోకూడదని తల్లి ఒట్టు వేయించుకుంది. పోటీల్లో ఎదురుపడాల్సి వస్తే, పెద్దవాడు కదా అని ప్రతిసారీ ఈయనే తప్పుకునేవాడు. కప్పు తమ్ముడు ఇంటికి తెచ్చేవాడు.

ఒకరోజు పెద్దాయన ఇక ఉండబట్టలేక అనేశాడు.

"అలిసిపోతే వాడి ఎడమ చెయ్యి కిందికి జారేదిరా. అక్కడ ఒక్కటిస్తే కూలబడేవాడు. ఆ సంగతి నాకొక్కడికే తెలుసు."

"అప్పుడే చెప్పుంటే నేనిచ్చేవాణ్ణి కదన్నా!" అన్నాడు తమ్ముడి చేతిలో ఎప్పుడూ ఓడిపోయిన సైకిల్ షాపతను.

"నోర్ముయ్! మావాణ్ణి కొట్టమని నీకు చెబుతానా?"

అందరూ గొల్లుమన్నారు. "సరేలే అన్నా, ఇవాళ్టి నుంచి నువ్వే మొదటివాడివి."

పెద్దాయన కుడుతున్న గ్లవ్‌ని ఒళ్ళో పెట్టేసుకున్నాడు.

"వాడుండగా అనలేకపోయారా ఈ మాట?" అన్నాడు. "వాడు కుళ్ళుకుంటుంటే కళ్ళారా చూసేవాణ్ణి."