లోవరాజు నాలుక

పట్టిన పట్టు వదలడం వీరవేణికి పుట్టుకతోనే చేతకాదు. కోటిపల్లి రేవుకు దిగువన, గౌతమి గట్టు మీది పల్లెపాలెంలో ఆ సంగతి తెలియనివాళ్లు లేరు. చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ల మీద పడి అమ్మేది. చేపలకు కొలిచి పోసే ధాన్యంలో తాలు కనిపిస్తే, పోసినవారు ఎంతటి కామందులైనా సరే, చేపను తిరిగి గంపలో వేసుకుని వచ్చేసేది.

అలాంటి మనిషికి, లోవలోని తలుపులమ్మ తల్లికి మొక్కుకోగా మొక్కుకోగా, లోవరాజు పుట్టాడు. రాజమహేంద్రవరం దగ్గర గోదావరి మీద రైలు వంతెన కడుతున్న రోజులవి. పాకడం, నడవడం, చేతికందింది నోట్లో పెట్టుకోవడం, అన్నీ వేళకే వచ్చాయి. మాట ఒక్కటే రాలేదు. మూడో ఏడు నడుస్తున్నా, కావలసినదాన్ని వేలితో చూపించి ఏడవడం తప్ప ఒక్క పలుకు లేదు.

"మగపిల్లలకు మాట ఆలస్యమే" అని అత్త నూకమ్మ కొన్నాళ్లు సర్దిచెప్పింది. ఆ తర్వాత పాలెంలో వాళ్లు చెవుడేమోనన్నారు. ఆ మాట వింటే వీరవేణి మొగుడు పల్లంరాజుకు ఒళ్లు మండేది.

"చెవుడేంటి? నావలో నేను తెడ్డు ఎత్తి బాదితే చాలు, ఆడు ఎటు చూత్తన్నా గిరుక్కున ఇటు తిరుగుతాడు."

అది అబద్ధమేమీ కాదు. వల పరిచాక తెడ్డుతో నావ అంచును దబదబ బాదుతారు. ఆ అదురుకు చేపలు బెదిరి వలలోకి పరిగెడతాయి. పిల్లవాణ్ణి నావలో కూర్చోబెట్టుకున్నప్పుడల్లా పల్లంరాజు బాదేవాడు, వాడు తిరిగి నవ్వేవాడు. తండ్రికి అంతకన్నా రుజువు ఏం కావాలి? తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నాడు.

చెవి బాగుంటే లోపం నాలుకలోనే ఉండాలని పెద్దలు తేల్చారు. నాలుక కింది తీగ పట్టేసింది గనుక కోయించాలన్నారు. ఏటవతలి నుంచి వైద్యం రాముడు అనే అతను గంగమ్మ జాతర ముందు పాలేలన్నీ తిరుగుతూ ఈ పని చేసేవాడు. కిందటేడు పక్క పాలెంలో ఒక పిల్లకు కోస్తే నెత్తురు ఆగక ప్రాణం మీదికి వచ్చింది. పిల్ల బతికింది గానీ మాట రానే లేదు. అది తలుచుకుంటే వీరవేణికి ముద్ద దిగేది కాదు. వద్దంటే అత్త వినదు, మొగుడు వినడు.

జాతర దగ్గర పడుతుండగా ఒక పొద్దున నావను ఇసుక మీదికి లాగి బోర్లించారు. పల్లంరాజు నీరు చొరబడకుండా పలకల సందుల్లో నార కుక్కుతూ చెక్కను సుత్తితో బాదుతున్నాడు. ఆ మోతకు ఒడ్డున ఉన్న కొంగలు లేచిపోయాయి, కుక్క తోక ముడిచి పారిపోయింది. నాలుగడుగుల దూరంలో, ఇసుకలో కూర్చున్న లోవరాజు గవ్వలు ఏరుకుంటున్నాడు. తల ఎత్తలేదు.

వీరవేణి అది చూసింది. మొగుడు నీళ్లు తాగడానికి వెళ్లగానే పిల్లవాణ్ణి ఎత్తి నావ వీపు మీద కూర్చోబెట్టి, వెనక నుంచి చెక్క మీద పిడికిలితో మెల్లగా తట్టింది. వాడు చటుక్కున తిరిగి నవ్వాడు. దించి ఇసుకలో పెట్టి సుత్తితో బాదింది. వాడు గవ్వల్లోంచి కన్నెత్తలేదు. ఇన్నాళ్లూ వాడు విన్నది చెవితో కాదు. ఒంటికి తగిలే అదురుతో!

ఆ ఇసుకలోనే కూలబడి ఏడ్చింది. ఏడుపు అయ్యాక లేచి ముఖం కడుక్కుంది. బిడ్డ నాలుక నిలవాలంటే బిడ్డకు చెవుడని తానే నలుగురిలో చూపించాలి. ఏ తల్లికీ అలాంటి పని పడకూడదు.

రాముడు వచ్చాడు. ఒడ్డున, బోర్లించిన నావ పక్కనే నిప్పులు రాజేసి కత్తి పెట్టాడు. నూకమ్మ మనవణ్ణి ఒళ్లో బిగించి పట్టుకుంది. వీరవేణి వెళ్లి బిడ్డను లాక్కుంది.

"కొయ్యడానికి ముందు ఒక్కటి చూడండి. అది చూశాక కూడా కొయ్యాలంటే నేనే పట్టుకుంటాను" అంది.

పిల్లవాణ్ణి ఇసుకలో, అందరికీ వీపు పెట్టి కూర్చోబెట్టింది. మొగుడి చేతికి తెడ్డు ఇచ్చింది. "బాదు మావా. నావను బద్దలు కొట్టినా సరే."

పల్లంరాజు బాదాడు. గట్టిగా బాదాడు. పేరు పెట్టి అరుస్తూ బాదాడు. చుట్టూ ఉన్న జనం చెవులు మూసుకున్నారు. లోవరాజు ఇసుకలో గుంట తవ్వుకుంటూనే ఉన్నాడు. చివరికి తెడ్డు పల్లంరాజు చేతిలోంచి జారిపోయింది. అతను వచ్చి పిల్లవాడి పక్కన ఇసుకలో కూర్చున్నాడు.

రాముడు కత్తిని నీళ్లలో ముంచి తుడుచుకున్నాడు. "ఇది నా చేతిలోది కాదమ్మా" అని మూట కట్టుకుని వెళ్లిపోయాడు. పనికిరాని పని మానుకోవడం కూడా ఒక విద్యే.

ఆ రోజు ఇంట్లో పొయ్యి వెలగలేదు. "నాలిక మిగిలి ఏం లాభం? ఇనపడనోడికి మాటలెక్కడియ్యే" అంది నూకమ్మ.

"ఇనపడకపోతే ముట్టుకుని నేర్చుకుంటాడత్తా. నేర్పుతాను."

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అంటారు. ఆ అన్నవాళ్లెవరూ వాడి చేతిని శంఖం మీద పెట్టి చూసినట్టు లేదు. వీరవేణి కొడుకును ఎదురుగా కూర్చోబెట్టుకుని, వాడి అరచేతిని తన గొంతుకు ఆనించుకునేది. రెండో చేతిని పెదవుల ముందు పెట్టుకునేది. "బువ్వ" అనేది. పెదవులు కలిసి విడిపోవడం కంటికి కనిపిస్తుంది, ఊపిరి వేళ్లకు తగులుతుంది, గొంతు అదురు అరచేతికి తెలుస్తుంది. తర్వాత వాడి చేతిని వాడి గొంతు మీదే పెట్టేది. వాడు ఊరికే నోరు తెరిచేవాడు. మళ్లీ మొదలు. వల బాగు చేస్తూ, చేపలు తోముతూ, తల దువ్వుతూ అదే మాట. ఎదురింటివాళ్లు "ఆ ఇంట్లో బువ్వ తప్ప ఇంకో మాట లేదు" అని నవ్వుకున్నారు. పల్లంరాజు మాత్రం నవ్వలేదు. ఏటి నుంచి రాగానే తడి చేతులు తుడుచుకుని, తన గొంతు కూడా కొడుకు చేతికి ఇచ్చేవాడు.

అసలు యుద్ధం అత్తతో వచ్చింది. గొంతులో చప్పుడైనా చెయ్యనిదే వాడికి ముద్ద పెట్టకూడదని వీరవేణి పంతం. వాడు వేలు చూపిస్తే చాలు, నూకమ్మ చాటుగా పెట్టేసేది.

"పసోణ్ణి ఆకలికి ఏడిపించే తల్లిని నిన్నే చూశాను. నీది గుండెనా, బండరాయా?"

"నువ్వూ నేనూ ఉన్నంతకాలం వేలు చూపించి తింటాడు. మనం పోయాక ఎవరికి చూపిస్తాడత్తా?"

నూకమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. ఆ తర్వాత చాన్నాళ్లు అత్తాకోడళ్ల మధ్య మాటల్లేవు. మాటలు నేర్పుతున్న ఇంట్లో!

వరద తీసిపోయి ఏరు తేటపడ్డ రోజుల్లో, ఒక మధ్యాహ్నం వీరవేణి ఖాళీ గంపతో ఇంటికి వచ్చింది. తడిక దగ్గరే ఆగిపోయింది. లోపల నూకమ్మ పిల్లవాడి ఎదురుగా గొంతుక్కూర్చుని ఉంది. కలిపిన ముద్ద చేతిలోనే ఉంది. పెట్టడం లేదు. వాడి అరచెయ్యి ఆమె ముడతల గొంతు మీద ఉంది.

"బువ్వ" అంది నూకమ్మ. "బువ్వ అనరా నాయనా. బువ్వ."

వాడు వేలు చూపించాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. వాడు ఏడ్చాడు. ఆమె కూడా ఏడ్చింది, ముద్ద మాత్రం పెట్టలేదు. వాడు తన గొంతు పట్టుకున్నాడు. పెదవులు మూశాడు, తెరిచాడు.

"బుబ్బ."

మోటుగా, బొంగురుగా వచ్చింది. అయినా మాటే. వీరవేణి నెత్తి మీది గంప జారి పడింది. తాను ఇన్నాళ్లు చాకిరీ చేస్తే మొదటి మాట అత్త చేతిలో పడిందని ఒక్క క్షణం కడుపులో మండింది. మరుక్షణమే ఆ మంట కన్నీళ్లయి కారిపోయింది.

నూకమ్మ ముద్ద వాడి నోట్లో పెట్టి, చెంగుతో కళ్లు ఒత్తుకుని, కోడలివైపు చూడకుండానే అంది:

"ఏంటలా నిలబడ్డావు? ఉత్తి బువ్వ ఎలా తింటాడు? వచ్చి చేప అనడం కూడా నేర్పు."