ఆయన వీపుకు చెప్పిన మాట

మా ఆయన ఆండియప్ప పోయి ఈ ఆడి నెలకు, అంటే ఆషాఢానికి, ఏడాది నిండుతుంది. పిల్లలు ఫోటో పెద్దది చేయించి హాల్లో తగిలించారు. వచ్చినవాళ్ళందరూ దాని ముందు నిలబడి మంచి తండ్రి, మంచి తాత అంటారు. నేను కాదనను. మంచి తండ్రే, మంచి తాతే. నేను ఆయనకు ఎలాంటి పెళ్ళాన్నో మాత్రం ఎవరూ అడగరు. నా నోరంటే అందరికీ భయం. ఆయన పోయే ముందు నేను ఆయనతో ఒక మాట అన్నాను. అది ఆయనకు చేరిందా లేదా అన్నదొక్కటే నాకు తెలియాలి అనుకున్నాను. ఆయన పోయాక తెలిసింది. అందుకే రాస్తున్నాను.

నేను చదివింది మూడో క్లాసు, అదీ అరవంలో. తెలుగు అక్షరాలు మా మామగారు నేర్పారు. తప్పులుంటే మీరే దిద్దుకోండి, నేను ఎవరి చేతా దిద్దించను.

పెళ్ళప్పటికి నాకు పదహారు, ఆయనకు ఇరవై. పొల్లాచ్చిలో మా మామగారు తోపుడు బండి మీద కొబ్బరికాయలు అమ్మేవారు. ఆ బండిని టోకు మండిగా మార్చింది మా ఆయన. నోటితో కాదు, చెవితో. లోడు దిగితే అందులోంచి ఇరవై కాయలు తీసి, రెండేసి చొప్పున చెవి దగ్గర పెట్టుకుని ఒకదానికొకటి తట్టేవారు. ఏది చిట్లింది, ఏది లేత, దేంట్లో నీళ్ళు ఎండాయి, అన్నీ ఆ చప్పుడులోనే తెలిసిపోయేవి. ఆయన బాగుందన్న లోడును కొనేవాళ్ళు మళ్ళీ చూసేవాళ్ళు కారు. లోపల పువ్వు పట్టిన కాయ దొరికితే పక్కన దాచేవారు. ఆ తెల్లని మెత్తని పువ్వంటే పిల్లలకు ప్రాణం. మొదట మా కొడుకు గోపాలకృష్ణన్‌కు, తరువాత వాడి పిల్లలు రాఘవ్‌కు, యోగితకు. సాయంత్రం సంచి తడుముకుంటూ ఆయన చెప్పులు విప్పుతుంటే పిల్లలు కాళ్ళకు అడ్డం పడేవాళ్ళు.

మాట మాత్రం లేదు. కొడుకు కోయంబత్తూరు హాస్టల్లో ఉన్నప్పుడు ప్రతి ఆదివారం బస్సెక్కి గాంధీపురంలో దిగి, ఉడకబెట్టిన వేరుశనక్కాయలు పొట్లం కట్టించుకుని వెళ్ళేవారు. వాడి పక్కన గంటసేపు కూర్చుని వచ్చేవారు. ఏం మాట్లాడుకున్నారు అని అడిగితే, "తినినాడు" అనేవారు. అంతే. అరవై రెండేళ్ళు మా ఇంట్లో ఇద్దరి మాటలూ నేనే మాట్లాడాను. నేను తిడితే ఆయన తలాడించేవారు, నేను ఇంకా తిట్టేదాన్ని. ఆయన జవాబు చెప్పకపోవడం నాకు కొత్త కాదు. చివరి మూడేళ్ళలో నాకేమీ అనుమానం రాకపోవడానికి అదే కారణం.

పోయిన ఏడాది తై నెలలో, సంక్రాంతి అయ్యాక, రాఘవ్ పెళ్ళి గాంధీపురం దగ్గర మండపంలో చేశాం. పెళ్ళికూతురు తండ్రి తిరుప్పూరులో బనియన్ల కంపెనీ ఉన్నవాడు, మన తెలుగువాళ్ళే. భోజనాల దగ్గర అతను మర్యాదగా, మీ పెద్దలు మదురై వైపు నుంచి వచ్చారా అని మా ఆయనను అడిగాడు. మా ఆయన చేయి కడుక్కుంటూ, ఈసారి వానలు బాగానే పడ్డాయి అన్నారు. అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. కొత్త సంబంధం వాళ్ళ ముందు ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోలేదు.

"ఆయన తల కూడా మండిలో కాయ మాదిరి ఎండిపోయింది అన్నా. తట్టి చూడండి, లోపల ఏమీ లేదు" అన్నాను.

పంక్తి పంక్తంతా నవ్వింది. అందరూ నవ్వుతున్నారని ఆయన కూడా నవ్వారు.

మర్నాటి నుంచి ఆయన పడక మండిలోకి మారింది. లోడ్లు ఎక్కువగా వస్తున్నాయని కొడుకుతో చెప్పారట. అన్నానికి ఇంటికి వచ్చేవారు, తిని వెళ్ళేవారు. నాకు అర్థమైంది. ఇరవై రోజులు నా మనసుతో నేనే పోట్లాడాను. నా జన్మలో ఎవరినీ క్షమించమని అడిగినదాన్ని కాను, మా అత్తగారిని కూడా. తై దాటాక మాసి నెలలో ఒక మధ్యాహ్నం, కోడలు పంకజవల్లికి కూడా చెప్పకుండా మండికి నడిచి వెళ్ళాను.

ఆయన వాకిలికి వీపు పెట్టి చెక్క పలక మీద కూర్చుని కాయలు ఏరుతున్నారు. కొంచెం దూరంలో సెల్లమ్మాళ్ పీచు ఒలుస్తోంది. ఆమె మా మండిలో ముప్పై ఏళ్ళుగా పని చేస్తున్న అరవ మనిషి, మా భాష ఒక్క ముక్క రాదు. అందుకని ఆమె ముందు నాకు సిగ్గు కలగలేదు. ఆయనకు రెండడుగుల వెనక నిలబడ్డాను.

"మామా, ఆ పొద్దు మండపంలో నేను అనింది తప్పు. నా నోరు పాడుది. మనసులో పెట్టుకోవద్దు. ఇంటికి రా మామా" అన్నాను.

ఆయన తిరగలేదు. ఒక కాయ తీసి చూసి, ఎడమ పక్కకు వేశారు. ఇంకొకటి తీశారు. నేను నిలబడి ఐదారు కాయలు చూశాను. ఇంతేనా అనుకున్నాను. తిరిగి వచ్చేశాను.

ఆ తరువాత ఐదు నెలలు ఆయనతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. కంచం పెట్టి లోపలికి వెళ్ళిపోయేదాన్ని. ఆయన ముద్ద చేతిలో పట్టుకుని నా ముఖం చూసేవారు. ఇంకొకసారి బతిమాలుకోవాలని చూస్తున్నాడు, చూడనీ అనుకునేదాన్ని. ఆడి నెలలో ఒక ఉదయం ఇంటికి కాఫీకి వచ్చి, గ్లాసు కింద పెట్టి, కుర్చీలోనే పోయారు.

పదహారో రోజు కర్మ అయిపోయి చుట్టాలు వెళ్ళాక యోగిత నా గదిలోకి వచ్చింది. ఇరవై మూడేళ్ళ పిల్ల, చదువు అయిపోయి మండిలో కంప్యూటర్ పని చూస్తుంది. ఎప్పుడు చూసినా తాత ఎదుటే కూర్చునేది. తాత చెడగొడుతున్నాడని అందరం అనేవాళ్ళం.

"అవ్వా, తాతకు చెవులు వినబడవు. మూడేండ్లు ఆయె" అంది.

కాయలు తట్టినది ఎవరమ్మా, నీ అమ్మమ్మా అన్నాను. ఆయన తట్టేవారట, ఈ పిల్ల వినేదట. చప్పుడు బాగుంటే గడ్డం పైకెత్తేది, లేకుంటే దించేది. చిన్నప్పటి నుంచి పక్కన కూర్చోబెట్టుకుని ఆ చప్పుళ్ళు ఆయనే నేర్పారు. ఎదురుగా నిలబడి మెల్లగా మాట్లాడితే పెదవులు చూసి కొంచెం తెలుసుకునేవారు. వెనక నుంచి పిలిస్తే ఏమీ లేదు.

"నాకేమిటికి చెప్పలేదే?"

"తాత చెప్పొద్దనె. మీ అవ్వకు తెలిస్తే మాట్లాడేది నిలిపేస్తుంది, పావం, ఇంక ఎవరితో పోట్లాడుతుంది అనె. ఆమె నోరు కదలతా ఉంటేనే నాకు ఇల్లు మాదిరి ఉంటుంది అనె."

 నేను ఒకటే అడిగాను. మరి మండపంలో నేను అన్నది ఆయనకు ఎలా తెలిసింది? పిల్ల ఏడవడం మొదలుపెట్టింది. వ్యానులో వస్తుంటే అందరూ ఎందుకు నవ్వారు అని తాత అడిగాడట. తాతతో అబద్ధం ఆడే అలవాటు తనకు లేదట. చెప్పిందట.

"నేను మండికి వచ్చిన పొద్దు నువ్వు ఎక్కడ ఉంటివి?"

ఆ పొద్దు తను స్నేహితురాలి పెళ్ళికి తిరుప్పూరు పోయిందట. నేను మండికి వచ్చినట్టే దానికి తెలియదు. నా తిట్టు ఆయనకు చెప్పడానికి మనిషి ఉంది. తప్పైందని అన్నది చెప్పడానికి లేదు.

అయినా ఆశ చావదు. నీడ చూసి ఉంటారేమో, నేను వెళ్ళాక ఎవరైనా సైగ చేశారేమో అనుకున్నాను. మర్నాడు పొద్దున్నే మండికి వెళ్ళి సెల్లమ్మాళ్ పక్కన కూర్చున్నాను. ఆ మాసి నెల మధ్యాహ్నం గుర్తుందా అని అరవంలో అడిగాను. ఆమెకు బాగా గుర్తుంది, నేను మండికి వచ్చేదాన్ని కాను గనుక. నేను ఏదో చెప్పానని తెలుసు, ఏమిటో అర్థం కాలేదు, మొగుడూ పెళ్ళాల మాట మనకెందుకని తల దించుకుందట. నేను గేటు దాటబోతుండగా ఆయన కాయ వేయడానికి పక్కకు తిరిగి నన్ను చూసి, ఆమెతో అరవంలో ఒక మాట అన్నారట.

"అయ్య ఏమన్నారు?" అని అడిగాను.

సెల్లమ్మాళ్ చేతిలో పని ఆపలేదు. "'ఇంత దూరం వచ్చి, ఒక్క తిట్టు కూడా తిట్టకుండా పోతోందే' అన్నారమ్మా. ఆ పొద్దు ఆయన మళ్ళీ కాయ పట్టలేదు" అంది.

 సెల్లమ్మాళ్ నీళ్ళు తెచ్చి ఇచ్చింది, తాగలేదు. ఆమెను ఇంకొకసారి చెప్పమన్నాను. అవే మాటలు చెప్పింది.

ఆ ఐదు నెలలు ఆయన నా ముఖంలోకి ఎందుకు చూశారో ఇప్పుడు తెలుసు. నా పెదవుల కోసం చూశారు. నేను మూసుకుని ఉన్నాను. ఎదురుగా నిలబడి, పొమ్మని తిట్టినా ఆయనకు తెలిసేది.

కొడుకు ఏడాది తిథికి వంటవాళ్ళను మాట్లాడాడు. యోగిత రోజూ వచ్చి కాళ్ళ దగ్గర కూర్చుంటుంది, క్షమించాను అనమంటుంది. దాని తప్పేమీ లేదని నాకు తెలుసు. అయినా ఆ మాట నా నోట రావడం లేదు. క్షమించమని చెప్పవలసిన మనిషికి చెప్పలేకపోయాను, ఇంక ఎవరికి చెప్పి ఏం ప్రయోజనం.